నీళ్లు తాగని బ్యాటరీలు

నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి నేను ఒప్పుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది గానీ, మా ఆవిడ పెళ్లయిన వారానికే కనిపెట్టింది. పాలవాడు నీళ్లు కలిపాడని, కండక్టరు కావాలనే నా స్టాపు దాటించాడని, ఫోన్‌లో తను "అంతా మంచిగనే ఉన్నది" అంటే ఏదో దాస్తోందని, ప్రతిదానికీ నా దగ్గర ఒక అనుమానం సిద్ధంగా ఉంటుంది. దుబాయ్ వచ్చాక ఆ గుణం తగ్గకపోగా దానికి జీతం కూడా దొరికింది. అల్ వర్సాన్‌లో ఒక పెద్ద గోదాంలో పదహారేళ్లు బ్యాటరీ రూమ్ నాది.

బ్యాటరీ రూమ్ అంటే చాలామందికి తెలియదు. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు పేర్చిన చెక్క ప్యాలెట్లను రెండు ఇనుప కొమ్ములతో ఎత్తి పై అరలో పెట్టే బండి ఉంటుంది కదా, ఫోర్క్‌లిఫ్ట్, అది మా గోదాంలో కరెంటుతో నడుస్తుంది. దాని సీటు కింద ఒక బ్యాటరీ కూర్చుని ఉంటుంది. సీసం పలకలు, ఆసిడ్, నీళ్లు అన్నీ కలిపి టన్నుకు పైనే బరువు. చార్జింగ్ దిగిపోయిన బ్యాటరీని రోలర్ల మీదికి లాగి, ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టి, మరో ఎనిమిది గంటలు చల్లారనిచ్చి, ఒక్కో మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. చార్జింగ్ అయ్యాకే పోయాలి. ముందు పోస్తే ఆసిడ్ పొంగి నేలను తింటుంది, ఆ తరువాత మన బూట్లను తింటుంది. నా చొక్కాల్లో చిల్లి లేనిది ఒక్కటీ ఉండేది కాదు. వాసన చూసి ఏ బ్యాటరీ ఎక్కువ ఉడికిందో చెప్పేవాణ్ణి. మీటరు చెప్పింది నమ్మకుండా మూత తీసి చూసేవాడికే ఆ రూములో పని.

వీటన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. బ్యాటరీ బాగా అలసిపోయాకే చార్జింగ్ పెట్టాలి. చాయ్ టైములో పావుగంట, భోజనం టైములో అరగంట అని ముక్కలు ముక్కలుగా పెడితే, ఐదేళ్లు బతకాల్సింది రెండేళ్లకే చస్తుంది. ఆపరేటర్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కేది కాదు. నేను లేనప్పుడు ప్లగ్గు గుచ్చి చాయ్‌కి పోయేవారు. నేను వచ్చి తిట్టుకుంటూ పీకేసేవాణ్ణి. పీకే అధికారం నాకు ఎవరూ రాసివ్వలేదు, కాదన్నవారూ లేరు. బ్యాటరీ రూములో మడి కట్టుకుంటానని మా స్టోర్ కీపర్, కోస్తా మనిషి, నన్ను ఎగతాళి చేసేవాడు. చేసుకోనీ అనుకునేవాణ్ణి. నా బ్యాటరీలు ఏడేళ్లు బతికేవి.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండలు ముదురుతుండగా రెండు కొత్త బ్యాటరీలు వచ్చాయి. లిథియం అన్నారు. మా ముదీర్, అంటే మేనేజరు, కేరళ మనిషి, కొత్త వస్తువు ఏది వచ్చినా పెళ్లికొడుకులా మెరిసిపోతాడు. అందరినీ సరుకు ఎక్కించి దించే లోడింగ్ బే దగ్గరికి పిలిచాడు. అమ్మిన కంపెనీ నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చంకలో లాప్‌టాప్. హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. దీనికి నీళ్లు పోయక్కర్లేదు. ఆసిడ్ లేదు, వాసన లేదు, బండిలోంచి దింపే పనే లేదు. బ్రేక్ దొరికిన ప్రతిసారీ ప్లగ్గు గుచ్చండి, పది నిమిషాలైనా సరే, దీన్ని ఖాళీ కానివ్వకండి అన్నాడు.

నీళ్లు అక్కర్లేదు అన్నప్పుడు అందరూ నా వైపు చూశారు. దాచుకోవడం ఎందుకు, భయపడ్డాను. నీళ్లు తాగని బ్యాటరీ వస్తే నీళ్లు పోసేవాడు ఎందుకు? యాభై దాటినవాడికి ఇక్కడ కొత్త వీసా ఎవడిస్తాడు? కానీ నాకు భయం వేసినా అది భయంగా ఎక్కువసేపు ఉండదు. వెంటనే అనుమానంగా మారిపోతుంది.

అందరూ పోయాక పెట్టె మీద వేలితో కొట్టి చూశాను. ఒకపక్క డొల్ల శబ్దం, ఇంకోపక్క గట్టి శబ్దం. టెక్నీషియన్‌ను అడిగితే, లిథియం తేలిక, వెనక బరువు లేకపోతే బండి ముందుకు బోర్లా పడుతుంది, అందుకని అడుగున ఇనుప పలకలు వేశామని నవ్వుతూ చెప్పాడు. చూశారా, తూకం కోసం ఇనుము వేశారట. నాకు అదొక్కటి చాలు. పైగా సైజు కూడా చిన్నదే కొన్నారు. మధ్య మధ్యలో చార్జింగ్ పెడతారు కదా, చిన్నది సరిపోతుందని లెక్క వేశారట. మధ్య మధ్యలో చార్జింగ్ ఎందుకు పెట్టమంటున్నాడో నాకు వెంటనే అర్థమైపోయింది. అలా పెడితే రెండేళ్లకు పోతుంది. పోతే ఇంకోటి అమ్మొచ్చు. ఇంత తేలిక విషయం ముదీర్‌కు తెలియలేదంటే, తెలియకనా, లేక తెలిసేనా అని కూడా అనుకున్నాను.

ఒక బ్యాటరీ లోపల కోల్డ్ రూమ్ బండికి పెట్టారు. దాని చార్జర్ అక్కడే, చలి తలుపు అవతల. నేను అటు పోయే పని ఉండదు. రెండోది లోడింగ్ బే బండికి పెట్టి, మా గోదాంలో అందరికంటే మంచి చెయ్యి ఉన్న ఆపరేటర్‌కు ఇచ్చారు. అతనిది జగిత్యాల వైపు. మాది పక్క మండలమే. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. నన్ను అన్నా అని పిలిచేవాడు. గుడ్ల ట్రేలున్న ప్యాలెట్‌ను ఆరో అరలో పెట్టి ఒక్క గుడ్డు కూడా చిట్లకుండా కొమ్ములు దించేవాడు. కరోనాలో అతని పాత కంపెనీ మూతపడి, ఆరు నెలలు సోనాపూర్ లేబర్ క్యాంపులో ఎవరో తెచ్చిచ్చే అన్నం పొట్లాల మీద బతికాడు. ఆ రోజుల గురించి ఒక్కసారే చెప్పాడు. పొట్లం కోసం లైన్లో నిలబడ్డప్పుడు ఊరివాడెవడైనా ఫోటో తీస్తాడేమోనని తల వంచుకునేవాడట. మళ్లీ ఆ లైన్లోకి మాత్రం పోను అన్నాడు. ఈ ఉద్యోగం అతనికి ఎంత ముఖ్యమో నాకు తెలియదని చెప్పలేను.

మొదటి రోజు పది గంటలకు చాయ్ బెల్లు కొట్టగానే అతను బండి తెచ్చి చార్జర్ పక్కన ఆపి, ప్లగ్గు గుచ్చి, పచ్చ లైటు చూసి పోయాడు. నేను బ్యాటరీ రూము గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నా చేతులు ఊరుకోలేదు. పదహారేళ్లు చేసిన పని అది. పోయి స్టాప్ బటన్ నొక్కి ప్లగ్గు పీకాను. తిడదామంటే కంపెనీవాడు పెట్టమన్నాడు, కాబట్టి తిట్టలేను. అందుకని బెల్లు కొట్టే ముందు మళ్లీ గుచ్చి వచ్చాను. అతను వచ్చి తీసుకుని పోయాడు. భోజనం టైములోనూ అంతే, నాలుగు గంటల చాయ్‌కీ అంతే. షిఫ్టు అయ్యాక మాత్రం నేనే పద్ధతిగా నిండా చార్జింగ్ పెట్టేవాణ్ణి. దీన్ని నేను సరిగ్గా పెంచుతాను, ఏడేళ్లు బతికిస్తాను, అప్పుడు చూద్దాం ఎవరు అక్కర్లేదో అనుకున్నాను.

నిజంగా అంతేనా? ఇప్పుడు అడిగితే చెప్పలేను. బ్యాటరీని కాపాడుదామని పీకానో, అది చతికిలపడితే చూద్దామని పీకానో, రెండూ ఒకే చేత్తో చేశాను.

నాలుగు రోజులయ్యాక మధ్యాహ్నం మీటరు చూసి, "సూసినవా, పొద్దటిసంది పెడ్తున్నవ్, ఏమన్న ఎక్కిందా? డబ్బా మాల్ ఇది" అని అతనితో అన్నాను. అతను మీటరు చూడకుండా నన్ను చూశాడు. కొంచెం సేపు చూసి, "అవునన్నా" అని బండి తీశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఏదో కడుపులో పెట్టుకున్నాడనిపించింది. ఆ రోజు నుంచి అతని మీద కూడా కన్నేశాను. ముదీర్ గదికి రెండుసార్లు ఎందుకు పోయాడు? నా గురించి చెవిలో ఊదుతున్నాడా? బ్యాటరీ రూమ్ ఎత్తేస్తే ఆ జాగాలో ఇతనికి చార్జింగ్ పని ఇస్తామన్నారా? మంచి మనిషి మీద అనుమానం పడాలంటే అతను మాట్లాడకుండా ఉంటే చాలు.

రెండో వారంలో బండి ఆగిపోయింది. జెబెల్ అలీ రేవు నుంచి వచ్చిన నలభై అడుగుల కంటైనర్ లోపల, పప్పు బస్తాల ప్యాలెట్ ఎత్తి పట్టుకుని ఉండగా తెర ఆరిపోయి కదలకుండా నిలిచిపోయింది. సాయంత్రం ఐదు దాటింది, కంటైనర్ లోపల పొయ్యిలా ఉంది. వెనక మరో మూడు ట్రెయిలర్లు హారన్ కొడుతున్నాయి. ఆ బస్తాలన్నీ చేతులతో దించి, బండిని గొలుసు కట్టి బయటికి లాగేసరికి రెండు గంటలు పట్టింది. అతని చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. ముదీర్ వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు, బ్రేకుల్లో చార్జింగ్ పెట్టావా లేదా అని. పెట్టానన్నాడు. కోల్డ్ రూమ్ బండి ఆగలేదు కదా, నీదే ఎందుకు ఆగింది అన్నాడు ముదీర్. అతను వంగి బండికి కట్టిన గొలుసు విప్పడం మొదలుపెట్టాడు. మొదటి వార్నింగ్ లెటర్ వచ్చింది. మా దగ్గర మూడు లెటర్లయితే ఖలాస్, వీసా క్యాన్సిల్.

నేను ఆపేయాలి కదా. ఆపలేదు. ఆ రోజు ఎండ ఎక్కువ, బరువు ఎక్కువ, సరుకే దొంగ సరుకు, ఇలా నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను. అందరికీ అదే చెప్పాను కూడా. చాయ్ దగ్గర నిలబడి, లిథియం మోసమని నేను గొంతు పెంచి చెబుతుంటే నలుగురూ తలలూపేవారు. తొమ్మిది రోజుల తరువాత బండి మళ్లీ ఆగింది, ఈసారి ర్యాంపు మీద. రెండో లెటర్ వచ్చింది.

ఆ ఆదివారం క్యాంపు వంటగదిలో అతను పప్పు చేస్తున్నాడు. మా ఇద్దరి వంట కలిపే ఉండేది. గిన్నెలో గరిటె తిప్పుతూ, నా వైపు తిరగకుండా అడిగాడు.

"అన్నా, బ్యాటరీల సంగతి ఎర్కున్నోనివి నువ్వు. ముదీర్‌తోని ఒక్క మాట చెప్పరాదే, నాది తప్పు లేదని."

నా ఒంట్లో ఏదో చురుక్కుమంది. అది తప్పు చేసినవాడికి వేసే చురుకు అని అప్పుడు తెలియలేదు. నన్ను ముందుకు తోసి ఇరికించాలని చూస్తున్నాడనుకున్నాను.

"ప్లగ్గు సక్కగ గుచ్చినవో లేదో" అన్నాను. "లూజ్ పెట్టి చాయ్‌కి ఉరికినవేమో. యాది జేసుకో."

అతను పప్పుకు పోపు పెట్టి, ముందు నాకు వడ్డించాడు. తిన్నాను.

మరునాడు ముదీర్ ఆ టెక్నీషియన్‌ను పిలిపించాడు. నన్నూ గదిలోకి పిలిచారు, పాత బ్యాటరీల మనిషిని కదా, సాక్ష్యానికి. టెక్నీషియన్ బండికి వైరు పెట్టి తెచ్చిన లెక్కంతా లాప్‌టాప్‌లో తెరిచాడు. ఆ పెట్టె ప్రతి నిమిషం రాసుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. నా ప్రతి అనుమానంలోనూ ఆ పెట్టె దొంగే గానీ, అది కాపలా కాస్తుందని మాత్రం అనుమానించలేదు. పది గంటల రెండు నిమిషాలకు ప్లగ్గు పెట్టారు. పది గంటల మూడు నిమిషాలకు తీశారు. పది పద్నాలుగుకు మళ్లీ పెట్టారు. పది పదిహేనుకు తీశారు. భోజనం టైములో అదే వరస. నాలుగింటికి అదే వరస. రోజూ. బ్యాటరీలో ఏ లోపమూ లేదని, దానికి తిండి పెట్టినట్టే పెట్టి లాక్కున్నారని అన్నాడు టెక్నీషియన్.

ముదీర్ ముఖం ఎర్రబడింది. పక్కవాళ్ల కోసం గుచ్చినట్టు నటించి పీకేస్తున్నాడు, నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నాడు అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, ఒక నిమిషంలో ఎందుకు పీకుతారు, నీకేమైనా తెలుసా అని అడిగాడు.

"మాలూమ్ నహీ సార్" అన్నాను.

మూడు మాటలు. ఆ మూడు మాటలు అంటున్నప్పుడు టెక్నీషియన్ నా చొక్కా వైపు చూస్తున్నాడు. ఆసిడ్ చిల్లులు చూస్తున్నాడని నాకనిపించింది. వీడికి తెలిసిపోయిందా? తెలిస్తే ఎందుకు చెప్పడం లేదు? ముదీర్ అప్పటికే మూడో లెటర్ టైపు చేయమని ఆఫీసు అమ్మాయికి చెబుతున్నాడు. నేను బయటికి వచ్చి బ్యాటరీ రూములో కూర్చున్నాను. లోడింగ్ బేలో అతను బండి మీద ఉన్నాడు. లోపల ఏం జరిగిందో అతనికి తెలియదు. ఆ అన్నం పొట్లాల లైను గుర్తొచ్చింది. ఈసారి ఆ లైన్లోకి అతన్ని నెట్టేది కరోనా కాదు, నేనే.

తెల్లవారి ఏడు గంటలకు ముదీర్ కారు దిగకముందే పార్కింగులో నిలబడ్డాను. పీకింది నేనని చెప్పాను. ఎందుకని అడిగాడు. సగంలో చార్జింగ్ పెడితే చస్తుందని, పదహారేళ్లుగా అదే చేస్తున్నానని, కంపెనీవాడి మాట నమ్మలేదని అన్నీ చెప్పాను. అతను చాలాసేపు నన్ను తిట్టలేదు. తరువాత తిట్టాడు, మలయాళంలో, కాబట్టి నాకు కొంతే అర్థమైంది. టెక్నీషియన్‌కు ఫోన్ చేసి చెబితే, అతను ఆశ్చర్యపోలేదట. కొత్తవి పెట్టిన చోటల్లా పాత బ్యాటరీ రూమ్ మనిషే ముందు పీకుతాడు, నిన్న అతని చొక్కా చూసి అనుకున్నాను, కానీ చూడకుండా పేరెలా చెప్పను అన్నాడట. ఒకరిని అనుమానించినా నోరు జారకుండా ఉండొచ్చని నాకు ఆ వయసులో తెలిసింది.

మూడో లెటర్ చించేశారు. మొదటి రెండూ ఫైల్లోంచి తీసేస్తామన్నారు. ఒక లెటర్ నాకు వచ్చింది. ఉద్యోగం పోలేదు. పాత బ్యాటరీలు ఇంకా పన్నెండున్నాయి, అవి ఉన్నన్నాళ్లు నేనూ ఉంటాను. ఇవన్నీ తేల్చాక ముదీర్ ఒక మాట చెప్పాడు. నిన్న పొద్దున్నే, టెక్నీషియన్ రాకముందే, ఆ ఆపరేటర్ వచ్చి, అబుదాబి వైపు మఫ్రఖ్‌లో మన యార్డుకు పంపించమని అడిగి, కాగితం మీద సంతకం పెట్టి పోయాడట. ఎండలో పని, ఓవర్‌టైము లేదు, ఎవరూ అడిగి వెళ్లే చోటు కాదది. ఇప్పుడు వద్దనుకుంటే కాగితం చించేస్తాను, పోయి చెప్పు అన్నాడు.

అతను లోడింగ్ బేలో బండి అద్దం తుడుస్తున్నాడు. దగ్గరికి పోయి ప్లగ్గు పీకింది నేనేనని చెప్పాను. అంతా చెప్పేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

"సూసిన అన్నా" అన్నాడు. "రెండో నాడే సూసిన. ఫోన్ మర్శిపోయి మల్లొచ్చిన, నువ్వు పీకుతున్నవ్."

"మరి చెప్పలేదేంరా?"

"నువ్వు పీకినవంటె ఏదో ఉంటదనుకున్న. బ్యాటరీ సంగతి ఆ లాప్‌టాప్ పోరనికి ఎర్కనా, నీకు ఎర్కనా? కంపెనోడు తప్పు చెప్పిండు, అన్న సరిజేస్తున్నడు అనుకున్న."

"బండి ఆగినంక? రెండో లెటర్ అచ్చినంక?"

అతను గుడ్డ మడిచి సీటు పక్కన పెట్టాడు.

"అప్పుడు అడిగిన గదన్నా" అన్నాడు. "పప్పు కాడ అడిగిన. నువ్వే చెప్తవనుకున్న."

ముదీర్ కాగితం చించేస్తానన్నాడని, ఉండిపొమ్మని, ఇక ప్రతి బ్రేకులో నేనే ప్లగ్గు గుచ్చుతానని చెప్పాను. అతను బండి వైపు చూశాడు, చార్జర్ వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"మఫ్రఖ్‌ల అన్ని డీజిల్ బండ్లే అన్నా" అన్నాడు. "పోసుడు నా చేతులనే ఉంటది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.